సన్నటి ఫిల్మ్ సెన్సర్‌తో ఎక్స్‌రే డోసు కొలవొచ్చా? సిగ్నల్ వస్తోంది సరే, అది డోసేనా?

ముందు మీ ప్రశ్న నాకు అర్థమైనట్టు చెబుతాను. గాజు పలక మీద సుమారు 300 నానోమీటర్ల మందంలో జింక్ ఆక్సైడ్ పూత వేశారు. దాని మీద దువ్వెన పళ్ళ ఆకారంలో బంగారు ఎలక్ట్రోడ్లు వేశారు. 40 నుంచి 100 కిలోవోల్టుల ఎక్స్‌రే ట్యూబ్ కింద పెడితే కరెంటు పెరుగుతోంది. దీన్ని డోసిమీటర్ అనొచ్చా, పూత మరీ పలచగా ఉంది కాబట్టి మందం పెంచాలా, ఇంత కష్టపడే బదులు రంగు మారే రేడియోక్రోమిక్ ఫిల్మ్ కొనుక్కుంటే సరిపోతుందా అని అడిగారు.

ఇది డోసిమీటర్ కాగలదు. కానీ ఇప్పటికి మీ దగ్గరున్నది డిటెక్టర్ మాత్రమే. ఎక్స్‌రే పడిందని అది చెబుతోంది, ఎంత పడిందో ఇంకా చెప్పడం లేదు. మందం పెంచడం మీ మొదటి పని కాదు. ఆ పూత చుట్టూ ఏముంది అన్నదే మొదట చూడాలి: కింద గాజు, పైన బంగారం, పక్కన గాలి. మీకు వెంటనే నమ్మదగిన అంకెలు కావాలంటే అయాన్ చాంబర్ (గాలిలో రేడియేషన్ పుట్టించే చార్జిని పోగుచేసి కొలిచే పరికరం) వాడండి, లేదా మీ డోసు స్థాయికి తగిన రేడియోక్రోమిక్ ఫిల్మ్ వాడండి. మీ సెన్సర్ మీద పని మాత్రం ఆపొద్దు. ఎలా ముందుకు తీసుకెళ్ళాలో కింద రాస్తున్నాను. వైద్య భౌతికశాస్త్రంలో డోసు కొలతలు, కాలిబ్రేషన్ (నమ్మదగిన పరికరంతో పోల్చి రీడింగును డోసుగా మార్చే లెక్క కట్టడం) చాలా ఏళ్ళుగా నా రోజువారీ పని. అందుకే కొంచెం వివరంగానే రాస్తాను.

మందం సంగతితో మొదలుపెడదాం, ఎక్కువమంది తికమకపడేది ఇక్కడే. డోసు అంటే ఒక కిలో పదార్థం పుచ్చుకున్న శక్తి. కిలోకి ఒక జౌల్ అయితే ఒక గ్రే. పూత పలచబడితే అది పుచ్చుకునే శక్తి తగ్గుతుంది, దాని బరువు కూడా అంతే తగ్గుతుంది. కాబట్టి పలచగా ఉండటం వల్ల డోసు తగ్గదు, సిగ్నల్ మాత్రమే తగ్గుతుంది. ఎంత తగ్గుతుందో చూడండి. 60 కేఈవీ (కిలో ఎలక్ట్రాన్ వోల్టులు, శక్తికి కొలమానం) ఫోటాన్లు, అంటే ఎక్స్‌రే కణాలు, ఒక మైక్రాన్ మందమున్న నీటి పొరలో వదిలే శక్తి, వచ్చిన మొత్తం శక్తిలో పది లక్షలకు సుమారు మూడు వంతులు. మిగతాదంతా అటునుంచి అటే పోతుంది. అందుకే సన్నటి ఫిల్మ్ బీమ్‌ను దాదాపు కదిలించదు. రోగికీ ట్యూబుకీ మధ్య పెట్టినా చిత్రంలో పెద్దగా కనిపించదు. డోసిమెట్రీలో ఇది చాలా విలువైన గుణం. మందం పెంచుకుంటూ పోతే పోగొట్టుకునేది దీన్నే.

ఇప్పుడు మీ ఫిల్మ్ ఎంత చార్జి ఇవ్వాలో లెక్క కట్టండి. ఈ లెక్క కాగితం మీద వేయకుండా మీటర్ ఆన్ చేయొద్దని నా దగ్గరికి వచ్చే ప్రతి విద్యార్థికీ చెబుతాను. జింక్ ఆక్సైడ్ సాంద్రత ఘన సెంటీమీటరుకి 5.6 గ్రాములు. ఒక చదరపు సెంటీమీటర్ వైశాల్యం, 300 నానోమీటర్ల మందం తీసుకుంటే బరువు సుమారు 0.17 మిల్లీగ్రాములు. ఆ పూతకే ఒక మిల్లీగ్రే డోసు అందిందనుకుందాం. దాని బ్యాండ్ గ్యాప్, అంటే ఎలక్ట్రాన్‌ను విడిపించి కరెంటు మోసేలా చేయడానికి కావలసిన కనీస శక్తి, 3.3 ఈవీ (ఎలక్ట్రాన్ వోల్టులు). ఒక ఎలక్ట్రాన్-హోల్ జత (విడిపడిన ఎలక్ట్రాన్, అది వదిలిన ఖాళీ) పుట్టడానికి గ్యాప్‌కి మూడు రెట్లు, అంటే సుమారు 10 ఈవీ ఖర్చవుతుందని తీసుకుంటే, మొత్తం చార్జి దాదాపు 17 పికోకూలుంబులు. అంతే.

మీరు పంపిన గ్రాఫులో దీనికంటే ఎన్నో రెట్లు ఎక్కువ చార్జి కనిపిస్తోంది. సంతోషపడే ముందు అది ఎక్కడి నుంచి వస్తోందో తేల్చుకోవాలి. రెండు అవకాశాలున్నాయి.

మొదటిది గాలి. ఎలక్ట్రోడ్ల మీద వోల్టేజి ఉంది, పైన గాలి తెరిచి ఉంది. అంటే మీరు తెలియకుండానే ఒక చిన్న అయాన్ చాంబర్ కట్టినట్టే. గాలిలో ఒక అయాన్ జతకు సగటున 33.97 ఈవీ పడుతుంది. ఆ లెక్కన ఒక ఘన సెంటీమీటర్ గాలికి ఒక మిల్లీగ్రే అందితే సుమారు 35 పికోకూలుంబుల చార్జి పుడుతుంది. పైన చెప్పిన 17తో పోల్చి చూడండి. ఎలక్ట్రోడ్ల పైనా, కనెక్టర్ దగ్గరా, తీగల చుట్టూ ఉన్న కొద్దిపాటి గాలే మీ ఫిల్మ్ సిగ్నల్‌కి సమానంగా పోటీ ఇవ్వగలదు. అందుకని పూత లేని డమ్మీ ఒకటి తప్పకుండా చేయండి. అదే గాజు, అవే ఎలక్ట్రోడ్లు, అవే తీగలు, అదే వోల్టేజి, జింక్ ఆక్సైడ్ మాత్రం ఉండకూడదు. ఒక పరిశోధక బృందం తెచ్చిన సెన్సర్‌కి నేను ఈ పరీక్ష చేయించినప్పుడు, వాళ్ళు ఫిల్మ్‌దే అనుకున్న సిగ్నల్‌లో సగానికి పైగా డమ్మీలోనూ వచ్చింది. పైన పలచగా పారిలీన్ అనే ప్లాస్టిక్ గానీ ఎపాక్సీ గానీ పూసి గాలిని దూరం చేశాక అసలు ఫిల్మ్ సిగ్నల్ ఎంతో తేలింది. తగ్గిన సిగ్నల్ చూసి వాళ్ళు నిరాశపడ్డారు గానీ, నన్నడిగితే వాళ్ళ అసలు పని ఆ రోజే మొదలైంది.

రెండోది ఫోటోకండక్టివ్ గెయిన్, అంటే పుట్టిన చార్జికంటే ఎన్నో రెట్లు ఎక్కువ చార్జి తీగల్లో పారడం. జింక్ ఆక్సైడ్‌లో ఇది బాగా ఎక్కువ. ఎక్స్‌రే వల్ల పుట్టిన హోల్స్ ఉపరితలం మీద అతుక్కుని ఉన్న ఆక్సిజన్‌ను విడిపిస్తాయి. జత పోగొట్టుకున్న ఎలక్ట్రాన్లు ఫిల్మ్‌లోనే ఉండిపోయి కరెంటు మోస్తూనే ఉంటాయి. ఆక్సిజన్ మళ్ళీ వచ్చి అతుక్కునేదాకా ఆ కరెంటు తగ్గదు. బీమ్ ఆపేసినా గంటల తరబడి కరెంటు పూర్తిగా దిగకపోవడానికి కారణం ఇదే. మీరు 'బీమ్ ఆపాక కరెంటు దిగడం లేదు, సెన్సర్ పాడైందేమో' అని రాశారు. పాడవలేదు, అది ఆ పదార్థం స్వభావం. గదిలోని వెలుతురు, ముఖ్యంగా అతినీలలోహిత కాంతి కూడా ఇదే పని చేస్తుంది. కాబట్టి సెన్సర్‌ని వెలుతురు చొరబడని నల్లటి కవరులో పెట్టండి. కొలతకు ముందు చీకట్లో చాలాసేపు వదిలేయండి.

గెయిన్ ఉండటం చెడ్డదేమీ కాదు. 2016లో ఇటలీలోని బొలోన్యా విశ్వవిద్యాలయ పరిశోధకులు టిప్స్-పెంటసీన్ అనే సేంద్రియ పదార్థపు సన్నటి ఫిల్మ్‌తో, ఒక వోల్టు కంటే తక్కువ వోల్టేజి మీద ఎక్స్‌రేలను పట్టుకోగలిగింది ఈ గెయిన్ వల్లే. కానీ గెయిన్ ఉన్నచోట కాలం జోక్యం చేసుకుంటుంది. అదే డోసుని వేగంగా ఇస్తే ఒక అంకె, నెమ్మదిగా ఇస్తే ఇంకో అంకె వస్తుంది. దీనికి పరీక్ష చాలా తేలిక. ట్యూబ్ కరెంటు 10 మిల్లీఆంపియర్ల దగ్గర ఒక సెకను, 1 మిల్లీఆంపియర్ దగ్గర పది సెకన్లు ఇవ్వండి. ట్యూబ్ వోల్టేజి మార్చకండి. పక్కన పెట్టిన అయాన్ చాంబర్ రెండుసార్లూ దాదాపు ఒకే డోసు చూపిస్తుంది. మీ సెన్సర్ కూడా అలాగే చూపిస్తోందా? చూపించకపోతే గ్రాఫులో కరెంటు శిఖరాన్ని గానీ, దాని కింది వైశాల్యాన్ని గానీ డోసు అనడానికి వీల్లేదు.

గెయిన్ ఇంతగా ఇబ్బంది పెడుతుంటే దారి మార్చుకోవచ్చు. కరెంటును కాక, ఫిల్మ్‌లో నిలిచిపోయే మార్పును కొలవండి. ఇండియం-గాలియం-జింక్ ఆక్సైడ్ ట్రాన్సిస్టర్లతో ఇలా చేసిన పని 2018లో వచ్చింది. అందులో గేట్ ఇన్సులేటర్‌గా టాంటలం ఆక్సైడ్ పొరను వాడారు. ఎక్స్‌రే పడ్డప్పుడు ఆ పొరలో చార్జి చిక్కుకుని ట్రాన్సిస్టర్ థ్రెషోల్డ్ వోల్టేజి, అంటే అది ఆన్ అయ్యే వోల్టేజి, జరుగుతుంది. ఆ జరుగుడే డోసు గుర్తు. సిలికాన్ మాస్‌ఫెట్ (ఒక రకం ట్రాన్సిస్టర్) డోసిమీటర్లు పనిచేసే సూత్రం కూడా ఇలాంటిదే. మీ దగ్గర పూత వేసే సదుపాయం ఎలాగూ ఉంది కాబట్టి, రెండు ఎలక్ట్రోడ్ల నిరోధకం కంటే ట్రాన్సిస్టర్ వైపు వెళ్ళడం మంచిదని నా అభిప్రాయం.

ఇక అసలు విషయం: మీ ఫిల్మ్ కొలిచేది ఎవరి డోసు?

ఎక్స్‌రే ఫోటాన్ నేరుగా డోసు ఇవ్వదు. అది ఒక ఎలక్ట్రాన్‌ను తన్ని బయటికి తోస్తుంది. ఆ ఎలక్ట్రాన్ దారి పొడవునా శక్తి వదులుతూ పోతుంది. నీటిలో 50 కేఈవీ ఎలక్ట్రాన్ ప్రయాణించే దూరం సుమారు 43 మైక్రాన్లు, 100 కేఈవీది సుమారు 140 మైక్రాన్లు, 10 కేఈవీది రెండున్నర మైక్రాన్లు. మీ ఫిల్మ్ 0.3 మైక్రాన్లు. జింక్ ఆక్సైడ్ నీటికంటే సాంద్రమైనదే అయినా, ఈ ఎలక్ట్రాన్లలో చాలావాటికి ఆ మందం ఒక లెక్కలోది కాదు. గుమ్మం దగ్గర కూర్చుని వచ్చేపోయేవాళ్ళను లెక్కపెడుతున్నట్టు ఉంటుంది మీ ఫిల్మ్ పరిస్థితి. లెక్కలో పడినవాళ్ళలో ఎక్కువమంది ఆ గుమ్మంలో పుట్టినవాళ్ళు కాదు, పక్క గదుల్లోంచి వచ్చినవాళ్ళు. మీకు ఆ పక్క గదులు గాజూ బంగారమూ.

బంగారం పరమాణు సంఖ్య 79. తక్కువ శక్తి ఎక్స్‌రేలను అది విపరీతంగా పీల్చుకుని, పక్కనున్న పొరలోకి ఎలక్ట్రాన్లను గుమ్మరిస్తుంది. దాని ఎల్ అంచులు (పీల్చుకోవడం ఒక్కసారిగా పెరిగే శక్తులు) 12 నుంచి 14 కేఈవీ ప్రాంతంలో ఉన్నాయి, కే అంచు 80.7 కేఈవీ దగ్గర ఉంది. మీరు ట్యూబ్ వోల్టేజిని 70 నుంచి 100కి పెంచితే స్పెక్ట్రమ్‌లో కొంత భాగం కే అంచును దాటుతుంది, బంగారం ఇచ్చే వాటా మళ్ళీ మారుతుంది. అంటే మీ సిగ్నల్ పెరగడం డోసు పెరగడం వల్లా, బంగారం వల్లా? రెండూ కలిసిపోయి ఉంటాయి. గాజు సంగతి ఇంకోలా ఉంటుంది. సెన్సర్‌ని తిరగేసి పెడితే 30 కేఈవీ దగ్గర ఒక మిల్లీమీటర్ గాజు బీమ్‌లో సుమారు ఐదో వంతును ఆపేస్తుంది. 80 కేఈవీ దగ్గర ఆపేది అంతకంటే చాలా తక్కువ.

అందుకే నేను మొదట అడిగే పరీక్ష ఒకటుంది. సెన్సర్‌ని ఒకసారి పూత ట్యూబ్ వైపు ఉండేలా, ఇంకోసారి గాజు ట్యూబ్ వైపు ఉండేలా పెట్టండి. 40, 70, 100 కిలోవోల్టుల దగ్గర రెండు రకాలుగానూ కొలవండి. నిష్పత్తి మూడు చోట్లా ఒకేలా ఉంటే మీ అదృష్టం. ఉండదు. ఆ తేడా ఎంతో తెలిస్తే, మీ సెన్సర్ ఫలానా వోల్టేజికి, ఫలానా ముఖానికి మాత్రమే డోసు చెబుతుందని నిజాయితీగా రాయొచ్చు. లేదా డిజైన్ మార్చొచ్చు. గాజు బదులు పాలియెస్టర్ లేదా పాలిమైడ్ షీటు, బంగారం బదులు కార్బన్ ఎలక్ట్రోడ్లు వాడండి, అల్యూమినియమైనా బంగారం కంటే ఎంతో నయం. పైన కొద్ది మందంలో ప్లాస్టిక్ పొర పెట్టండి. పక్క గదులు నీటికి దగ్గరగా ఉండే పదార్థంతో కట్టినవైతే, అక్కడి నుంచి వచ్చే ఎలక్ట్రాన్లు కూడా నీటి డోసుకి (శరీర కణజాలానికి బదులు నీటినే తీసుకుంటాం) దగ్గరైన లెక్కే చెబుతాయి. సన్నటి ఫిల్మ్‌కి ఉన్న అసలైన బలం ఇదేనని నేను నమ్ముతాను. ఫిల్మ్ స్వయంగా నీటిని పోలి ఉండకపోయినా, అది తగినంత పలచగా ఉండి, చుట్టూ ఉన్నవి నీటిని పోలి ఉంటే చాలావరకు పని జరుగుతుంది. ఎక్స్‌రే శక్తి బాగా తగ్గినప్పుడు మాత్రం జింక్ సొంతంగా పీల్చుకునేది పెరుగుతుంది కాబట్టి ఈ భరోసా సడలుతుంది.

ఇది పుస్తకాల విషయం మాత్రమే కాదని చెప్పడానికి ఒక ఉదాహరణ: రేడియోథెరపీలో వాడే సింథటిక్ వజ్రం డిటెక్టర్. పీటీడబ్ల్యూ సంస్థ మైక్రోడైమండ్‌లో పనిచేసే పొర మందం ఒక మైక్రాన్, వ్యాసం 2.2 మిల్లీమీటర్లు. బయటి వోల్టేజి అక్కర్లేదు. వజ్రం అంటే కార్బన్, పరమాణు సంఖ్య 6, కణజాలానికి దగ్గర. పొర పలచన, చుట్టూ తేలిక మూలకాలు, సున్నా వోల్టేజి. చిన్న చిన్న ఫీల్డులలో (బీమ్ పడే వైశాల్యాలలో) దాని మీద అంత నమ్మకం ఉండటానికి ఇవి ముఖ్య కారణాలు.

పరమాణు సంఖ్య ఎక్కువైతే ఎంత దూరం పోతుందో తెలియాలంటే టీఎల్‌డీ బ్యాడ్జీలను (వేడిచేస్తే పడ్డ డోసును బట్టి వెలుగునిచ్చే డిస్కులున్న, ఉద్యోగులు పెట్టుకునే బ్యాడ్జీలు) చూడండి. లిథియం ఫ్లోరైడ్ సగటు పరమాణు సంఖ్య సుమారు 8.2, నీటిది 7.4. అందుకే 30 కేఈవీ దగ్గర కూడా అది కొద్దిగా మాత్రమే ఎక్కువ చూపిస్తుంది. కాల్షియం సల్ఫేట్‌ది 15 ప్రాంతంలో ఉంటుంది. అదే శక్తి దగ్గర అది పది రెట్ల దాకా ఎక్కువ చూపించగలదు. ఆ బ్యాడ్జీల్లో డిస్కుల మీద లోహపు ఫిల్టర్లు పెట్టేది దీన్ని సరిదిద్దడానికే. మీరు కూడా ఒకే పలక మీద రెండు మూడు సెన్సర్లు వేసి, ఒకదాన్ని అలాగే వదిలేసి, మిగతావాటి మీద వేర్వేరు మందాల్లో అల్యూమినియం, రాగి రేకులు పెట్టొచ్చు. వాటి నిష్పత్తుల నుంచి బీమ్ ఎంత గట్టిదో (ఎంత చొచ్చుకుపోయేదో) అంచనా వస్తుంది, దాన్నిబట్టి డోసు సరిదిద్దుకోవచ్చు. ఫిల్మ్ పూత వేసేవాళ్ళకు ఇది పెద్ద పనేమీ కాదు, కానీ ఆ పని చేసినవాళ్ళు నాకు చాలా తక్కువమంది కనిపించారు.

కాలిబ్రేషన్ విషయానికొస్తే, 'ఎంత కిలోవోల్టులు' అని రాస్తే సరిపోదు. ఒకే 70 కిలోవోల్టులకు ఫిల్టర్ మార్చితే రెండు పూర్తిగా వేరే బీములు వస్తాయి. బీమ్ గుణాన్ని హెచ్‌వీఎల్‌తో చెప్పాలి, అంటే తీవ్రతను సగానికి తగ్గించే అల్యూమినియం మందంతో. అంతర్జాతీయ ప్రమాణాల్లో ఆర్‌క్యూఆర్5 అనే బీమ్ 70 కిలోవోల్టులది, దాని హెచ్‌వీఎల్ 2.58 మిల్లీమీటర్ల అల్యూమినియం. ఆర్‌క్యూఆర్8 అంటే 100 కిలోవోల్టులు, 3.97 మిల్లీమీటర్లు. మీ ట్యూబ్‌కి అల్యూమినియం రేకులు జోడించి వీటికి దగ్గరగా తీసుకురండి. ఆ బీములకే కాలిబ్రేట్ చేసిన అయాన్ చాంబర్‌ను ముందు ఆ బిందువు దగ్గర పెట్టి ఎయిర్ కెర్మా (ఎక్స్‌రేలు కిలో గాలిలోని ఎలక్ట్రాన్లకు ఇచ్చే శక్తి) కొలవండి. తర్వాత చాంబర్ తీసి సరిగ్గా అదే చోట సెన్సర్ పెట్టండి. పక్కపక్కన పెట్టి కొలిచేటప్పుడు బీమ్ అంతటా సమానంగా ఉండదన్నది గుర్తుంచుకోండి. ట్యూబ్ యానోడ్ వైపు తీవ్రత తక్కువగా ఉంటుంది. ట్యూబ్ ఔట్‌పుట్ షాట్ షాట్‌కీ మారుతుంది కాబట్టి బీమ్ అంచులో ఒక మానిటర్ చాంబర్‌ను ఎప్పుడూ ఉంచండి. అంతర్జాతీయ అణుశక్తి సంస్థ 2007లో ప్రచురించిన టీఆర్‌ఎస్-457 పత్రంలో ఈ పద్ధతంతా ఉంది. 40 నుంచి 300 కిలోవోల్టుల చికిత్స బీములకైతే అమెరికా వైద్య భౌతికశాస్త్రవేత్తల సంఘం 2001లో ఇచ్చిన టీజీ-61 ఉంది.

ఉష్ణోగ్రతను కూడా ప్రతిసారీ రాసుకోండి. సెమీకండక్టర్ ఫిల్మ్ డార్క్ కరెంట్ (బీమ్ లేనప్పుడూ పారే కరెంటు) దానితో పాటే ఎక్కిదిగుతుంది. ట్యూబ్ దగ్గర వరసగా షాట్లు ఇస్తే సెన్సర్ కొద్దిగా వేడెక్కడం మామూలే.

ఇప్పుడు రేడియోక్రోమిక్ ఫిల్మ్. ఇది కూడా సన్నటి ఫిల్మ్ సెన్సరే, దీనికి తీగలు ఉండవు, అంతే తేడా. గాఫ్‌క్రోమిక్ ఈబీటీ3 అనే రకంలో పనిచేసే పొర సుమారు 28 మైక్రాన్లు, రెండు వైపులా 125 మైక్రాన్ల పాలియెస్టర్. లోపల డైఎసిటిలీన్ స్ఫటికాలు ఉంటాయి. రేడియేషన్ తగిలితే అవి పాలిమర్ అయి నీలం రంగు తేలుతుంది. డెవలప్ చేయాల్సిన పని లేదు. ఎర్రటి కాంతిని, 635 నానోమీటర్ల ప్రాంతంలో, అది బాగా పీల్చుకుంటుంది. అందుకే ఫ్లాట్‌బెడ్ స్కానర్‌లో స్కాన్ చేసి ఎరుపు చానెల్ చదువుతాం. డోసు పెరిగాక ఎరుపు చానెల్ నిండిపోతుంది, అప్పుడు ఆకుపచ్చ చానెల్ వాడతాం.

కొనే ముందు డోసు స్థాయి చూసుకోండి. ఈబీటీ3 బాగా పనిచేసేది 0.2 నుంచి 10 గ్రేల మధ్య. ఒక చాతీ ఎక్స్‌రేలో చర్మం మీద పడేది మిల్లీగ్రేలో పదో వంతు నుంచి ఐదో వంతు దాకా. ఒకసారి ఒకరు ఈబీటీ3 ముక్కను మామూలు ఎక్స్‌రే కింద పెట్టి కొన్ని షాట్లు ఇచ్చి, రంగు మారలేదు, ఫిల్మ్ పాతదా అని అడిగారు. ఫిల్మ్‌లో లోపమేమీ లేదు, ఆ డోసుకి అది పుట్టలేదు. మిల్లీగ్రే స్థాయికి ఎక్స్‌ఆర్-క్యూఏ2 ఉంది, సుమారు 1 నుంచి 200 మిల్లీగ్రేల వరకు. దాని వెనకవైపు తెల్లగా కాంతి పోకుండా ఉంటుంది కాబట్టి పరావర్తన పద్ధతిలో స్కాన్ చేయాలి. స్టెరిలైజేషన్‌లాంటి కిలోగ్రే పనులకు బీ3, ఎఫ్‌డబ్ల్యూటీ-60లాంటి రంగు ఫిల్ములు వేరుగా ఉన్నాయి. వాటిని మిల్లీగ్రే పనికి తేవొద్దు.

స్కానింగ్‌లో చేసే చిన్న అజాగ్రత్తలే పెద్ద తేడాలు తెస్తాయి. ఫిల్మ్‌ను ముక్కలు చేసేటప్పుడే ఏ వైపు పొడవో మూలన గుర్తు పెట్టండి. లోపలి స్ఫటికాలు సూదుల్లా ఒకే దిశలో పడి ఉంటాయి, ఫిల్మ్‌ను 90 డిగ్రీలు తిప్పితే రీడింగ్ మారిపోతుంది. స్కానర్ మధ్యలోనే పెట్టండి, పక్కలకు జరిపితే అదే డోసు వేరేగా చదువుతుంది. రంగుల సవరణలన్నీ ఆపేసి, చానెల్‌కి 16 బిట్లతో, 72 డీపీఐ దగ్గర తీస్తే చాలు. ఎక్స్‌పోజ్ చేశాక రంగు ఇంకా కొంతసేపు ముదురుతూనే ఉంటుంది కాబట్టి 24 గంటలు ఆగండి. లేదా కాలిబ్రేషన్ ముక్కలకూ కొలత ముక్కలకూ ఒకే విరామం ఇవ్వండి. ప్రతి కొత్త బ్యాచ్‌కి కొత్త కాలిబ్రేషన్ గీత గీయాలి. కిటికీ పక్కన వదిలేసిన ఫిల్మ్ ఎండకే రంగు తిరుగుతుంది. ఇంకో మాట, 40 కేఈవీ కంటే కింద ఈబీటీ రకం ఫిల్మ్ స్పందన పడిపోతుంది. మెగావోల్టు బీమ్‌లో గీసిన కాలిబ్రేషన్‌తో 40 కిలోవోల్టుల ట్యూబ్ డోసు చదవడం సరికాదు. రేడియోక్రోమిక్ ఫిల్మ్ మీద అమెరికా వైద్య భౌతికశాస్త్రవేత్తల సంఘం 1998లో టీజీ-55, 2020లో టీజీ-235 నివేదికలు ఇచ్చింది. రెండోదైనా చదివి తీరండి.

ఇన్ని జాగ్రత్తలు పడి కూడా మేం ఫిల్మ్‌ని వదలం. ఎందుకంటే అది బిందువును కాదు, పటాన్ని ఇస్తుంది. గుండె రక్తనాళాల చికిత్సల్లో ఫ్లోరోస్కోపీ, అంటే కదిలే ఎక్స్‌రే చిత్రం, చాలాసేపు నడుస్తుంది. యంత్రం స్క్రీన్ మీద చూపించే అంకె ఒక ఊహాబిందువు దగ్గరి ఎయిర్ కెర్మా. చర్మం మీద ఏ చోట ఎంత పడిందో అది చెప్పదు. చర్మం ఎర్రబడటం సుమారు 2 గ్రేల దగ్గర మొదలవుతుంది. రోగి వీపు కింద పెద్ద ఫిల్మ్ పరిచిన ఒక కేసులో, రెండు కోణాల్లోంచి వచ్చిన బీములు ఒకచోట ఒకదానిమీద ఒకటి పడి ముదురు చతురస్రం కనిపించింది. మిగతా చోట్ల కంటే ఆ మూలన డోసు బాగా ఎక్కువ. ఆ రోగికి వీపు మీద ఏ చోట గమనించుకోవాలో వేలు పెట్టి చూపించి పంపగలిగాం. ఏ పాయింట్ డిటెక్టర్‌తోనూ అది సాధ్యమయ్యేది కాదు. మీరు తయారుచేసే సెన్సర్లను వరసలుగా, నిలువుగా అడ్డంగా వేసి, ఆ పటాన్ని బీమ్ నడుస్తుండగానే చూపించగలిగితే ఫిల్మ్ ఇవ్వలేనిది మీరు ఇచ్చినట్టే. మీ పని మీద నాకు ఆసక్తి కలగడానికి అసలు కారణం ఇదే.

పెరోవ్‌స్కైట్ అనే స్ఫటిక పదార్థపు ఫిల్ముల గురించి కూడా అడిగారు. సీసం, బ్రోమిన్, అయోడిన్ ఉండటంతో ఎక్స్‌రేలను బాగా పీల్చుకుంటాయి. పేపర్లలో గ్రేకి, చదరపు సెంటీమీటరుకి ఇన్ని మైక్రోకూలుంబులు అంటూ పెద్ద పెద్ద అంకెలు కనిపిస్తాయి. వాటిని ఎక్స్‌రే చిత్రాల ప్యానెళ్ళలో వాడే అమార్ఫస్ సెలీనియంతో పోలుస్తారు, దానికి సాధారణంగా 20 ప్రాంతంలో చెబుతారు. కానీ ఆ అంకె ఇమేజింగ్‌కి పనికొచ్చేది. డోసు కొలిచేవాడికి కావలసింది రేపు కూడా అదే రీడింగ్ రావడం. పెరోవ్‌స్కైట్లో వోల్టేజి కింద అయాన్లే జరుగుతూ ఉంటాయి, డార్క్ కరెంట్ నిలకడగా ఉండదు. పైగా ఆ సీసం, అయోడిన్ వల్లే శక్తిని బట్టి స్పందన చాలా మారుతుంది. డోసిమెట్రీకి నేను ఇప్పుడే దాన్ని ఎంచుకోను.

మీ సెన్సర్‌ని మీ ల్యాబ్‌లోని వాళ్ళకి బ్యాడ్జీగా పెట్టాలన్న ఆలోచన మాత్రం ప్రస్తుతానికి పక్కన పెట్టండి. ఉద్యోగులకు అంతర్జాతీయ పరిమితి ఐదేళ్ళ సగటున ఏడాదికి 20 మిల్లీసీవర్టులు (శరీరానికి కలిగే హానిని లెక్కలోకి తీసుకునే డోసు యూనిట్), ఏ ఒక్క ఏడాదిలోనూ 50 దాటకూడదు. అది కొలవాల్సింది గుర్తింపు ఉన్న బ్యాడ్జీతోనే. ఆ బ్యాడ్జీ శరీరంలో 10 మిల్లీమీటర్ల లోతు డోసును అంచనా వేసేలా కట్టింది, గాలిలో కాలిబ్రేట్ చేసిన మీ ఫిల్మ్‌కి ఆ లెక్క తెలియదు. ప్రయోగాల్లో సెన్సర్‌ని చేత్తో సర్దుతూ బీమ్ ఆన్ చేయొద్దు. తలుపు తెరిస్తే బీమ్ ఆపేసే ఇంటర్‌లాక్‌ని ఎవరూ దాటవేయకుండా చూసుకోండి.

ముందుగా డమ్మీ, తిరగేసే పరీక్ష, వేగంగా-నెమ్మదిగా ఇచ్చే పరీక్ష చేయండి. ఈ మూడూ అయ్యాక, కనీసం మూడు బీమ్ గుణాల దగ్గర, మీరు వాడబోయే డోసుల మొత్తం పరిధిలో గీతలు గీయండి. మూడింటినీ ఒకే గ్రాఫులో పెట్టండి, సగటు తీసి ఒకే గీతగా కలపొద్దు. గీతల మధ్య ఎడం ఎంతో, అదే మీ సెన్సర్ శక్తి ఆధారత. అది, డమ్మీ వాటా, డోసు వేగం వల్ల వచ్చిన తేడా, రోజు రోజుకీ వచ్చిన తేడా, చాంబర్ కాలిబ్రేషన్ సర్టిఫికెట్‌లో ఉన్న అనిశ్చితి: ఇవన్నీ విడివిడిగా పట్టికలో రాయండి. సిగ్నల్ ఎంత పెద్దదో అన్న గ్రాఫు కంటే ఆ పట్టికనే పరీక్షకులు ముందు చూస్తారు, నేనైనా దాన్నే చూస్తాను.